మన ఓటు చేరని చోట్లు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గత సంచికలో ఈ శీర్షిక కింద పెట్టుబడిదారీ ప్రపంచ వ్యవస్థ ఎటు పోతున్నదీ, దేశాల హద్దులు దాటి తీసుకునే నిర్ణయాలపై ప్రజలకు ఎంత అదుపు ఉన్నదీ అన్న విషయం మీద క్లుప్తంగా రాశాను. ఆ అదుపునే ప్రపంచ ప్రజాస్వామ్యం అన్నాను. దానికి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం నల్లగొండ, పాలమూరు జిల్లాల నుంచే వచ్చాయి. వాటిలో ఆరింటికి ఇక్కడ జవాబు ఇస్తున్నాను. పేర్లు వేయవద్దని ఇద్దరు కోరినందువల్ల అందరివీ తీసేసి, ఊరూ వృత్తీ మాత్రమే ఉంచాను. పొడుగైన ఉత్తరాలను భావం మారకుండా కుదించాను.

ప్రశ్న: ఏడెకరాల్లో పత్తి వేస్తాను. 2025 ఆగస్టులో విదేశీ పత్తి మీద సుంకం ఎత్తివేసిన సంగతి నాకు జిన్నింగు మిల్లుకు పోయినంక తెలిసింది. బయటి పత్తి అగ్గువకు దొరుకుతుంటే నీది ఎందుకు ఎక్కువ పెట్టి కొనాలని అక్కడ అడిగారు. మీరేమో ప్రపంచ ప్రజాస్వామ్యం అంటున్నారు. మా గ్రామసభలో అడిగితేనే దిక్కు లేదు, ప్రపంచాన్ని ఎవరు అడగాలె?
(పత్తి రైతు, మునుగోడు మండలం)

జవాబు: ముందు జరిగింది వరుసగా చెబుతాను, ఎందుకంటే ఎవరిని అడగాలన్నది ఆ వరుసలోనే తేలుతుంది. పత్తి దిగుమతిపై 2021 బడ్జెట్‌లో విధించిన సుంకం, సెస్సు, సర్‌చార్జి కలిపి 11 శాతం ఉండేది. కేంద్ర ప్రభుత్వం దాన్ని 2025 ఆగస్టు 19 నుంచి సెప్టెంబరు 30 దాకా రద్దు చేసి, కొద్ది రోజులకే గడువును డిసెంబరు 31 వరకు పొడిగించింది. రద్దయిన నాటికి మీ చేలో పత్తి పూత మీదో కాయ మీదో ఉంటుంది. గడువు ముగిసేనాటికి మీ దిక్కు చాలామంది రైతులు రెండు మూడు సార్లు ఏరి అమ్ముకోవడం కూడా అయిపోతుంది. రైతుకు సుంకం అడ్డుగోడగా పనికొచ్చే నెలల్లోనే ఆ గోడ లేకుండా పోయిందన్నమాట.

దీనికి కారణం బయటి నుంచి వచ్చింది. అదే ఆగస్టు 27 నుంచి అమెరికా మన ఎగుమతుల్లో చాలా వాటిపై 50 శాతం సుంకం వేసింది. అందులో సగం, మనం రష్యా చమురు కొంటున్నందుకు విధించిన శిక్ష. దుస్తుల ఎగుమతిదారులకు ఇంత దెబ్బ తగిలినప్పుడు నూలు మిల్లులకు ముడి సరుకైనా చౌకగా అందాలన్నది ఢిల్లీ వాదన. ఉక్రెయిన్‌లో యుద్ధం, రష్యా చమురు, వాషింగ్టన్ సుంకం, తిరుప్పూరు కుట్టు మిషను, చివరికి మునుగోడులో మీ పత్తి బోరెం: ఈ గొలుసులో మీరు ఓటు వేసిన కొక్కెం ఒక్కటే ఉంది, అది ఢిల్లీ.

కాబట్టి మొదటి ప్రశ్న ఢిల్లీకే వెయ్యాలని నా అభిప్రాయం. దిగుమతి సుంకం మినహాయింపు చట్టంగా పార్లమెంటులో చర్చకు వచ్చి తేలే వ్యవహారం కాదు. కస్టమ్స్ చట్టం ఇచ్చిన అధికారంతో ఆర్థిక శాఖ ఒక నోటిఫికేషన్ జారీ చేస్తే సరిపోతుంది. లక్షల మంది పత్తి రైతుల ధరను మార్చే నిర్ణయం రైతు ప్రతినిధి ఒక్కడూ నోరు విప్పే అవకాశం లేకుండా పగటికీ రాత్రికీ మధ్య వెలువడుతున్నప్పుడు, తప్పంతా ప్రపంచీకరణదేనని అనడం మన పాలకులకు అనుకూలంగా మాట్లాడటమే. మద్దతు ధరకు పత్తి కొనే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీసీఐ కొనుగోళ్లూ అంతే. పొడుగు పింజ పత్తికి 2025-26లో మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. తేమ 8 శాతం దాటితే ఆ ధర తగ్గుతుంది, 12 దాటితే కొనరు, పైగా ఫోను యాప్‌లో ముందుగా స్లాటు దొరకాలి. వీటిలో ఏదీ న్యూయార్కులో రాసిన షరతు కాదు.

ఇక గొలుసులో మిగిలిన కొక్కేల సంగతి. అమెరికా తన పత్తి రైతులకు ఇచ్చే రాయితీలు నిబంధనలకు విరుద్ధమని బ్రెజిల్ 2002లో ప్రపంచ వాణిజ్య సంస్థకు ఫిర్యాదు చేసి, 2005 నాటికి అప్పీలులో కూడా గెలిచింది. తీర్పు వచ్చిందని అమెరికా రాయితీలు ఆపలేదు. ప్రతీకార సుంకాలు వేసే హక్కు బ్రెజిల్‌కు దక్కిన తరువాత, 2010లో అమెరికా ఏడాదికి 14 కోట్ల 73 లక్షల డాలర్లు బ్రెజిల్ పత్తి రంగానికి చెల్లించేందుకు ఒప్పుకుంది. 2014లో మరో 30 కోట్ల డాలర్లు ఇచ్చి వ్యవహారం ముగించింది. సొంత రైతుకు రాయితీ ఇవ్వడం మానలేక, పరాయి రైతుకు కూడా డబ్బు కట్టిందన్నమాట. ఇదే గోడు 2003లో పశ్చిమ, మధ్య ఆఫ్రికాకు చెందిన బెనిన్, బుర్కినా ఫాసో, చాద్, మాలి దేశాలు కూడా ఆ సంస్థలో వెళ్లబోసుకున్నాయి. వాటికి ప్రతీకారం తీర్చుకునేంత మార్కెట్టు లేదు, అందుచేత చెక్కూ రాలేదు. నిబంధన అందరికీ ఒకటే. దాన్ని అమలు చేయించుకునే బలం మాత్రం దేశాన్ని బట్టి ఉంది. పైగా ఆ సంస్థలోని అప్పీలు విభాగానికి సభ్యుల నియామకాన్ని అమెరికా అడ్డుకోవడంతో 2019 డిసెంబరు నుంచి అది పనిచేయడమే లేదు.

అయినా కింది నుంచి ఏమీ కాదన్నది మాత్రం నిజం కాదు. బీటీ పత్తి విత్తనం కొత్తగా వచ్చిన ఏళ్లలో 450 గ్రాముల ప్యాకెట్టు 1,600 రూపాయల పైమాటే ఉండేదని మీకు గుర్తుండే ఉంటుంది. అందులో పెద్ద వాటా సాంకేతికత పేరిట విదేశీ కంపెనీకి పోయే రాయల్టీ. 2006లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య నిరోధక కమిషన్‌ను ఆశ్రయించింది, ఆ తరువాత ప్యాకెట్టు ధర 750కి దిగింది. రైతుల ఆత్మహత్యలు, ధర్నాలు, వాటికి జడిసిన ఒక రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని అది. ప్రపంచ స్థాయి కంపెనీ ధరను హైదరాబాదులో కూర్చున్నవారు దించగలిగారు. గ్రామసభకు దిక్కు లేదన్న మీ మాట నిజమే కావచ్చు గాని, ఆ ధర్నాలకు జనం కదిలింది ఊళ్ల నుంచే.

ప్రశ్న: ప్రపంచ వ్యవస్థ అంటే ఏమిటో కొంచెం వివరంగా చెప్పగలరా? ఈ శతాబ్ది మధ్యకల్లా పెట్టుబడిదారీ విధానం ముగుస్తుందని ఒక పెద్ద పండితుడు చెప్పినట్టు మా లెక్చరర్ అన్నారు. మీరు నమ్ముతారా?
(డిగ్రీ విద్యార్థిని, నల్లగొండ)

జవాబు: మీ లెక్చరర్ చెప్పిన పండితుడు ఇమ్మాన్యుయెల్ వాలర్‌స్టెయిన్ అయి ఉండాలి. న్యూయార్కులో 1930లో పుట్టి, 2019లో మరణించారు. మొదట్లో ఆఫ్రికా దేశాల స్వాతంత్ర్యాన్ని అధ్యయనం చేస్తూ, ఒక్కొక్క దేశాన్ని విడిగా పెట్టి చూస్తే పేదరికం అర్థం కాదన్న నిర్ణయానికి వచ్చి, 1974 నుంచి ఆధునిక ప్రపంచ వ్యవస్థ మీద సంపుటాలు రాశారు. దేశాలు అనేకం ఉన్నా శ్రమ విభజన ఒకటే అన్నది ఆయన వాదనకు మూలం. లాభం ఎక్కువ మిగిలే పనులు కేంద్ర దేశాల్లో, తక్కువ మిగిలే పనులు అంచు దేశాల్లో జరుగుతాయి. రెండు రకాలూ కలిసిన మధ్యస్థ దేశాలు ఈ రెంటికీ నడుమ ఉంటాయి. మన దేశాన్ని ఇప్పుడు ఆ మధ్యవాటిలో లెక్కపెడతారు. ఒకే దేశంలో కూడా హైటెక్ సిటీకీ మీ జిల్లాలోని డిండి మండలానికీ మధ్య ఇదే తేడా కనిపిస్తుందని నేను అదనంగా అంటాను.

ఈ వ్యవస్థ యూరపులో పదహారో శతాబ్దంలో మొదలైందని ఆయన లెక్క. డచ్చివారు 1605లో, ఇంగ్లీషువారు 1611లో మచిలీపట్నంలో దిగి గోల్కొండ రాజ్యపు బట్టలు కొన్నారు గదా, అప్పటికే మనం అందులో చేరిపోయామా అని మీరు అడగవచ్చు. ఆయన ఒప్పుకోరు. అప్పుడు వారు మన సరుకు కొనుక్కుపోయే వర్తకులు మాత్రమేనని, మన పంట, మన మగ్గం వారి అవసరాన్ని బట్టి మారిపోవడం 1750 నుంచి 1850 మధ్య జరిగిందని, భారతదేశం వ్యవస్థలో చేరింది అప్పుడేనని ఆయన అంటారు. ఈ తేడా ముఖ్యమైనది. సరుకు అమ్ముకోవడం వేరు, ఏ సరుకు పండించాలో ఇంకొకరు తేల్చడం వేరు.

ముగింపు గురించి ఆయన చెప్పినది జోస్యంలా వినిపించినా దాని వెనుక లెక్క ఉంది. పెట్టుబడికి మూడు ఖర్చులు శతాబ్దాలుగా పెరుగుతూ వస్తున్నాయని, అవి తిరిగి తగ్గే దారి మూసుకుపోతున్నదని ఆయన వాదించారు.

మొదటిది కూలి. ఒకచోట కార్మికులు సంఘం కట్టి కూలి పెంచుకుంటే, పెట్టుబడి కొత్తగా పల్లె విడిచి వచ్చే మనుషుల కోసం మరోచోటికి పోతుంది. దీన్ని అర్థం చేసుకోవడానికి మనకు పుస్తకం అక్కర్లేదు. నాగార్జునసాగర్ మొదలుకొని దేశంలోని ఎన్నో ఆనకట్టల కింద రాళ్లు మోసింది గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సుకు కట్టుబడి పోయిన పాలమూరు లేబరు. ఇప్పుడు మన జిల్లాల్లో కూలి రేటు పెరిగింది, మిర్యాలగూడ మిల్లుల్లో బస్తాలు మోసే హమాలీలు బీహారు నుంచి వస్తున్నారు, ఇటుక బట్టీల్లోకి ఒడిశా కుటుంబాలు వస్తున్నాయి. రేపు బీహారు పల్లెలు కూడా ఖాళీ అయితే ఆ తరువాత ఎవరన్నది వాలర్‌స్టెయిన్ ప్రశ్న. భూమి మీద పల్లెలు తరుగుతున్నకొద్దీ చౌక మనిషి దొరకడం కష్టమవుతుందని ఆయన జవాబు.

రెండోది చెత్త ఖర్చు. ఫ్యాక్టరీ తన మురికిని తానే శుభ్రం చేసుకుంటే లాభం తగ్గుతుంది కాబట్టి దాన్ని ఏటిలోకి వదిలి ఖర్చు ఇతరుల మీద వేస్తుంది. అనంతగిరి కొండల్లో తేటగా పుట్టి, హైదరాబాదు గుండా వచ్చి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసే మూసీ మన జిల్లాకు తెచ్చిపెట్టేది ఆ ఖర్చునే. నగరంలో తయారైన మందు బిళ్ల లాభం ఒకరి ఖాతాలో, దాని నురగ ఇంకొకరి వరి మడిలో. (నల్లగొండ ఫ్లోరైడును కూడా కొందరు ఇందులో కలిపేస్తుంటారు. అది భూగర్భంలోని రాళ్ల నుంచి వచ్చే సమస్య, దాన్ని ఫ్యాక్టరీల ఖాతాలో వేయడం సరికాదు. ఇన్నేళ్లు మంచినీళ్లు ఇవ్వకపోవడం మాత్రం రాజకీయమే.) మురికి పారబోయడానికి ఖాళీ చోటు తగ్గిపోతున్నది, వాతావరణం వేడెక్కడం దానికి చివరి రుజువు.

మూడోది పన్ను. ఓటు హక్కు వచ్చిన ప్రతి చోటా జనం బడి, ఆసుపత్రి, ముసలితనంలో పింఛను అడిగారు. అడగడం ఆగదు, వాటికి డబ్బు చివరికి మిగులులోంచే రావాలి.

ఈ మూడూ కలిసి లాభాన్ని పిండేస్తాయి, 1970ల నుంచి వ్యవస్థ తేరుకోలేని సంక్షోభంలో పడింది, ఈ శతాబ్ది మధ్యకల్లా మరొకటి దాని చోటికి వస్తుంది అన్నది ఆయన తేల్చిన మాట. నమ్ముతానా అని అడిగారు. మూడు ఖర్చుల లెక్కను ఒప్పుకుంటాను, తేదీని ఒప్పుకోను. పెట్టుబడిదారీ విధానం రేపో మాపో పోతుందని 1848 యూరపు విప్లవాల వేళ, 1929 మహా మాంద్యం తరువాత, 1970లలో గట్టిగా నమ్మినవారు ఉన్నారు. ప్రతిసారీ అది కొత్త మనుషులనో కొత్త చోటునో వెతుక్కుంది. 1978 తరువాత చైనా పల్లెల నుంచి కోట్లాది మంది ఫ్యాక్టరీలకు రావడం దానికి పోసిన ఆయుష్షు. అయితే చాలామంది ఆయన శిష్యులు దాటవేసే ఒక మాటను ఆయన పదే పదే చెప్పారు: తరువాత వచ్చేది దీనికంటే మంచిదే కావాలని ఏమీ లేదు. ఇంతకంటే ఎక్కువ తక్కువలు, ఇంతకంటే బలప్రయోగం గల వ్యవస్థ కూడా రావచ్చు. మీరు పరీక్షలో రాసేటప్పుడు ఈ వాక్యాన్ని వదలవద్దు.

ప్రశ్న: వడ్ల మద్దతు ధరకు ప్రపంచ వాణిజ్య సంస్థతో ఏం పని? మన ప్రభుత్వం మన రైతుకు ఇచ్చుకుంటే వారికేమిటి అభ్యంతరం? 2023లో బియ్యం ఎగుమతి ఆపినప్పుడు మా మిల్లు కూడా చిక్కుల్లో పడింది.
(రైసు మిల్లు గుమాస్తా, మిర్యాలగూడ)

జవాబు: ఆ సంస్థ నిబంధన ప్రకారం వర్ధమాన దేశం ఒక పంటకు ఇచ్చే ధర మద్దతు, ఆ పంట మొత్తం విలువలో 10 శాతం దాటకూడదు. వినడానికి న్యాయంగానే ఉంది, కిటుకు లెక్కలో ఉంది. నేటి మద్దతు ధరను నేటి ప్రపంచ ధరతో పోల్చరు. 1986 నుంచి 1988 వరకు ఉన్న సగటు ధరతో పోలుస్తారు. 2025-26లో సాధారణ రకం వడ్లకు క్వింటాలు 2,369 రూపాయలు. దాని పక్కన దాదాపు నలభై ఏళ్ల నాటి ధరను నిలబెట్టి, తేడా అంతా మీరు రైతుకు ఇచ్చిన రాయితీయే అంటారు. మీ మిల్లులో 1987 నాటి కరెంటు బిల్లును పెట్టి ఈనాటి ఖర్చును దుబారా అని తేల్చినట్టు ఉంటుంది ఇది. ఈ లెక్కన 2018-19లో వరి విషయంలో మనం హద్దు దాటామని తేలింది. అప్పుడు 2013లో బాలి సమావేశంలో సంపాదించిన శాంతి నిబంధన మనల్ని కాపాడింది. ఆహార నిల్వల కోసం కొన్నంత కాలం ఇతర దేశాలు ఫిర్యాదు చేయకుండా ఆపే తాత్కాలిక ఏర్పాటు అది. దాని చోట శాశ్వత పరిష్కారం ఇంతవరకు కుదరలేదు.

ఇక్కడివరకు మనం బాధితులం. మీ ప్రశ్నలోని రెండో సగం మాత్రం మనకు అంత సుఖంగా ఉండదు.

ప్రపంచంలో ఎగుమతి అయ్యే బియ్యంలో సుమారు 40 శాతం మన దేశానిదే. 2022 సెప్టెంబరులో నూకల ఎగుమతిని, 2023 జూలై 20న బాస్మతీ కాని తెల్ల బియ్యం ఎగుమతిని ఢిల్లీ నిషేధించింది, ఉప్పుడు బియ్యం మీద 20 శాతం సుంకం వేసింది. ఇక్కడ బియ్యం ధర పెరగకుండా చూడటం దాని ఉద్దేశం, ఎన్నికలు దగ్గర పడుతుండగా ఏ ప్రభుత్వమైనా అదే చేస్తుంది. తెల్ల బియ్యం మీద నిషేధం 2024 సెప్టెంబరు ఆఖరుకు గాని తొలగలేదు. ఈలోగా ప్రపంచ బియ్యం ధర పదిహేనేళ్లలో ఎన్నడూ లేనంతగా పెరిగింది. సెనెగల్‌లో రోజువారీ వంటకు వాడేది మన నూకలే, బెనిన్‌కు మన ఉప్పుడు బియ్యం ఓడలకొద్దీ పోతుంది. సెనెగల్ రాజధాని డాకర్ బజారులో కిలో బియ్యం కొనే ఇల్లాలు ఢిల్లీలో ఎవరికీ ఓటు వేయలేదు, తన మాట చెప్పుకోవడానికి ఆమెకు ఏ సభా లేదు. మునుగోడు రైతుకు వాషింగ్టన్ ఎంత దూరమో ఆమెకు ఢిల్లీ అంత దూరం. పత్తి దగ్గర బెనిన్, మనం ఒకే వైపు నిలబడ్డాం, బియ్యం దగ్గరికి వచ్చేసరికి ఎదురెదురు అయ్యాం. ఎగుమతి ఆపవలసింది కాదని నేను అనడం లేదు. మన పేదల కంచం చూసుకోవడం మన ప్రభుత్వ ధర్మమే. ఆపే ముందు కొనే దేశాలతో మాట్లాడి, గడువు చెప్పి, అవసరమున్నవారికి వాటా ముందే కట్టి ఉంచే పద్ధతి ఉండాలని మాత్రం అంటున్నాను. ప్రభుత్వాలు అడిగితే కొన్ని దేశాలకు విడిగా బియ్యం ఇచ్చారు నిజమే, కాని అది దయగా ఇచ్చినది, హక్కుగా దక్కినది కాదు. మీ మిల్లుకు కూడా ముందస్తు గడువు వల్ల మేలే జరిగేది.

ప్రశ్న: ఐక్యరాజ్యసమితి ఒక్క యుద్ధాన్నీ ఆపలేకపోతున్నది. అలాంటప్పుడు ప్రపంచ ప్రభుత్వం, ప్రపంచ పార్లమెంటు అనడం గాలిలో మేడలు కట్టడం కాదా? ఒకవేళ వచ్చినా అది నిరంకుశం కాదని హామీ ఏమిటి?
(విశ్రాంత ఉపాధ్యాయుడు, దేవరకొండ)

జవాబు: మీ రెండు అనుమానాలూ సరైనవే, అందుకే నేను ప్రపంచ ప్రభుత్వాన్ని కోరుకునేవాడిని కాదు. అయితే ఇప్పుడు ప్రపంచంలో ప్రభుత్వం లేదనుకోవడం కూడా పొరపాటు. 1991లో విదేశీ మారకద్రవ్యం అడుగంటినప్పుడు మనం 47 టన్నుల బంగారాన్ని బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌లో కుదువబెట్టాం, రూపాయి విలువ తగ్గించాం, అంతర్జాతీయ ద్రవ్యనిధి షరతులకు తలవంచి అప్పు తెచ్చాం. ఆ షరతులు మంచివా చెడ్డవా అన్నది వేరే చర్చ. వాటిని రాసిన సంస్థలో 191 సభ్య దేశాలు ఉన్నా ఓటు డబ్బును బట్టి ఉంటుంది: అమెరికాకు సుమారు 16.5 శాతం, 140 కోట్ల జనం గల మనకు సుమారు 2.6 శాతం. పెద్ద నిర్ణయాలకు 85 శాతం ఓట్లు కావాలి, కాబట్టి ఒక్క అమెరికా వద్దంటే ఏదీ జరగదు. ద్రవ్యనిధికి యూరపువాడు, ప్రపంచ బ్యాంకుకు అమెరికా పౌరుడు అధిపతి కావడం ఎక్కడా రాయని ఆచారం, కాని అది ఇంతవరకు తప్పలేదు. పాలన ఉంది, సంతకాలు ఉన్నాయి, ఓటర్ల జాబితా మాత్రం లేదు.

పార్లమెంటు పెడితే సరిపోతుందా అంటే యూరపు అనుభవం చూడండి. అక్కడి పార్లమెంటుకు 1979లో మొదటిసారి ప్రజలు నేరుగా ఓటు వేసినప్పుడు 62 శాతం మంది వచ్చారు. 2014 నాటికి అది 43 శాతం దగ్గరికి పడిపోయి, తరువాత సగం దాకా లేచింది. పైగా ఆ పార్లమెంటుకు సొంతంగా చట్టం ప్రతిపాదించే అధికారం లేదు. ధనిక దేశాలు, మంచి రోడ్లు, దాదాపు ఒకే తీరు చరిత్ర ఉన్నచోటే ఇలా ఉంటే, ప్రపంచ పార్లమెంటు ఎన్నికలకు దేవరకొండ తండాలో క్యూ కడతారని నేను అనుకోను. మనిషికి ఒక ఓటు అంటే మూడో వంతుకు పైగా ఓట్లు మనకూ చైనాకే పోతాయి, చిన్న దేశాలు అందుకు ఎందుకు ఒప్పుకుంటాయి?

నాకు ఆశ కలిగించేది ఇంతకంటే చప్పటి విషయం. బహుళజాతి కంపెనీల పన్ను నిబంధనలను దశాబ్దాలుగా ధనిక దేశాల క్లబ్బు తయారు చేస్తూ వచ్చింది. ఆ పని సమితికి మార్చాలని ఆఫ్రికా దేశాలు తెచ్చిన తీర్మానం 2023 నవంబరులో సమితి కమిటీలో 125 ఓట్లతో నెగ్గింది, 48 వ్యతిరేకించాయి. ఓడినవారు దాదాపు అంతా ధనిక దేశాలే. వీటో లేని చోట పేద దేశాలు కలిసి ఓటు వేస్తే ఏమవుతుందో అది చూపించింది. దాన్నుంచి వచ్చే ఒప్పందాన్ని పెద్ద దేశాలు గౌరవిస్తాయా అన్నది ఇంకా తేలవలసి ఉంది. అనేక దేశాల ప్రజా ఉద్యమాలు కలుసుకునే ప్రపంచ సామాజిక వేదిక పట్ల మాత్రం నాకు అంత నమ్మకం మిగల్లేదు. 2003 జనవరిలో దాని ఆసియా సమావేశం హైదరాబాదులో జరిగినప్పుడు వచ్చిన జనం, పాటలు, డప్పులు నిజంగా గొప్పవి. కాని వేదిక పేరు మీద ఏ నిర్ణయమూ చేయకూడదని దాని నియమావళే చెబుతుంది. నిర్ణయం చేయనివారి మాటను నిర్ణయం చేసేవారు లెక్కచేయరు.

మీరు నిజాం కాలం సంగతులు మీ పెద్దల నోట విని ఉంటారు. 1940లో మన జిల్లా గడీల ముందు వెట్టి చేస్తున్నవారితో, మరో పన్నెండేళ్లలో మీరు ఓటు వేసి ఢిల్లీకి మనిషిని పంపుతారని అంటే గాలిలో మేడ అనే అనేవారు. 1952లో వారే కమ్యూనిస్టు నాయకుడు రావి నారాయణరెడ్డిని నెహ్రూకు వచ్చినవాటికంటే ఎక్కువ ఓట్లతో పంపారు. ఆ పన్నెండేళ్లలో ఎంత రక్తం పారిందో మీకు తెలుసు, కాబట్టి దీన్ని తేలిక ఉదాహరణగా చెప్పడం లేదు.

ప్రశ్న: అమెరికా పోయి చైనా వస్తే మన పరిస్థితి మారుతుందా?
(చేనేత కుటుంబానికి చెందిన యువకుడు, నారాయణపేట)

జవాబు: పెత్తందారు మారతాడు. డచ్చివారి తరువాత బ్రిటిషువారు, వారి తరువాత అమెరికావారు వచ్చినప్పుడు వ్యవస్థ అదే ఉంది. బీజింగ్ కేంద్రంగా 2016లో పని మొదలుపెట్టిన ఆసియా మౌలిక సదుపాయాల బ్యాంకులో చైనాకు 26 శాతానికి పైగా ఓట్లు ఉన్నాయి, పెద్ద నిర్ణయాలకు 75 శాతం కావాలి. ద్రవ్యనిధిలో అమెరికా వేసుకున్న తాళాన్నే వారు ఇక్కడ బిగించుకున్నారు. అయితే అప్పు ఇచ్చేవారు ఇద్దరు ఉన్నప్పుడు బేరానికి కాస్త వీలుంటుంది. మీ చీరలకు వాడే పట్టు నూలు ధర విషయంలో మాత్రం ఆ వీలు వల్ల లాభమేమీ కనిపించదు.

ప్రశ్న: మా నాన్న, అన్న పూణెలో కట్టడం పనికి పోతారు. ఓటు ఊళ్లో ఉంది, బతుకు అక్కడ ఉంది. పోలింగు రోజు రావాలంటే రానూపోనూ చార్జీలు, మూడు రోజుల కూలి పోతాయి. వాళ్లు ఓటు అక్కడికి మార్చుకోవాలా?
(ఇంటర్ విద్యార్థి, కోయిలకొండ మండలం)

జవాబు: ఈ సంచికకు వచ్చిన ఉత్తరాల్లో మీది ఆఖరున పెట్టినా, నేను ముందుగా చదవమని కోరేది దీన్నే. సముద్రాలు దాటే ప్రజాస్వామ్యం గురించి ఇంతసేపు మాట్లాడుకున్నాం, మీ ఇంట్లో ఓటు రాష్ట్రం దాటలేకపోతున్నది. వలస కార్మికుల కోసం 1979లో చట్టం చేశారు, అందులో కూలి, వసతి, ప్రయాణపు భత్యం గురించి ఉండేది గాని ఓటు గురించి ఉండేది కాదు. ఉన్నచోటి నుంచే సొంత నియోజకవర్గానికి ఓటు వేసే యంత్రాన్ని ఎన్నికల సంఘం తయారు చేయించి, 2023 జనవరిలో పార్టీలను పిలిచింది. ఒక్క యంత్రం 72 నియోజకవర్గాలకు పనికొస్తుందన్నారు. ప్రతిపక్షాలు నమ్మకం లేదన్నాయి, విషయం అక్కడే ఆగింది. ప్రతిపక్షాల అనుమానాలు అన్నీ కొట్టిపారేసేవి కావు, ఎందుకంటే ఎవరు వలస కూలీ అన్నది ఎలా తేలుస్తారో చెప్పకుండానే యంత్రాన్ని ముందు పెట్టారు.

మార్చుకోవాలా అన్నదానికి సూటిగా జవాబు: ఫారం 8 ఇచ్చి పూణెకు మార్చుకునే వీలు చట్టంలో ఉంది, అక్కడ నివాసం ఉంటున్నట్టు రుజువు చూపాలి. కట్టే బిల్డింగు కిందే రేకుల షెడ్డులో ఉండి, పని అయిపోగానే మరో చోటికి మారేవారికి ఆ రుజువు దొరకడం కష్టం. మార్చుకుంటే ఊళ్లో గ్రామ పంచాయతీ ఓటు కూడా పోతుంది, ఇల్లు, భూమి, ఉపాధి కార్డు, అమ్మ పింఛను అన్నీ ఊళ్లోనే ఉన్నాయి కాబట్టి మీ నాన్నగారు మార్చుకోకపోవడమే మేలని నాకు తోస్తున్నది. మీ అన్న ఏడాదిలో పది నెలలు అక్కడే ఉంటూ గది అద్దెకు తీసుకుని ఉంటే ఆయన సంగతి వేరు. రేషను కార్డు మాత్రం 2022 నుంచి దేశమంతటా చెల్లుతున్నది. మీ నాన్నగారు పూణెలోని చౌక ధరల దుకాణంలో వేలిముద్ర వేసి తన వాటా గింజలు తీసుకోవచ్చు, మిగతావారి వాటా కోయిలకొండలోనే ఇస్తారు. ఆ సంగతి ఆయనకు తెలియకపోతే ఈ వారమే ఫోను చేసి చెప్పండి.